ఊరి జట్టు ఆట ఊళ్ళోనే కనపడదేంటి? (డాలస్ వాళ్ళు చెప్పండి)

ఫ్రిస్కో_కొత్తకాపు
న్యూజెర్సీ నుంచి ఫ్రిస్కోకి మారి కొన్ని నెలలైంది. అక్కడ ఒక్క కేబుల్ కనెక్షన్ ఉంటే యాంకీస్ ఆటలకి యెస్ చానెల్, మెట్స్ ఆటలకి ఎస్‌ఎన్‌వై, నిక్స్ ఆటలకి ఎంఎస్‌జీ, అన్నీ వరసగా వచ్చేవి. ఇక్కడేమో బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్ ఒక చోట, ఐస్ హాకీ జట్టు స్టార్స్ ఇంకో చోట, బేస్‌బాల్ జట్టు రేంజర్స్ మరో చోట. మా పిల్లాడికి బేస్‌బాల్ పిచ్చి. వాడి కోసం ఒక యాప్‌కి సీజన్ మొత్తానికి చందా కట్టాను. సియాటిల్ ఆట వస్తుంది, మయామీ ఆట వస్తుంది. మన ఆర్లింగ్టన్‌లో రేంజర్స్ ఆడుతుంటే మాత్రం "మీ ప్రాంతంలో అందుబాటులో లేదు" అని నల్ల తెర. డబ్బు కట్టినవాడికి, అదీ సొంత ఊరి జట్టు, ఎందుకు చూపించరు? ఇంతకుముందు ఇక్కడ అన్ని జట్లకీ కలిపి ఒకే స్పోర్ట్స్ చానెల్ ఉండేదంటున్నారు. అది ఏమైపోయింది?

ఓరుగల్లు_చంటి
మావ్స్ (అదే, మావెరిక్స్) వరకైతే పైసా ఖర్చు లేదన్నా. యాంటెన్నా పెట్టుకో, 29 నంబర్ల ఫ్రీగ వస్తున్నయ్ ఆటలు. కొన్ని 8లో వస్తయ్.

గుంటూరుఘాటు
దాన్ని బ్లాకౌట్ అంటారు. మీరు కొన్నది బయట ఊళ్ళ ఆటలు చూసేవాళ్ళ ప్యాకేజీ. ఊళ్ళో చూపించే హక్కు జట్టు వేరేగా ఇక్కడి చానెల్‌కి అమ్ముకుంటుంది. ఆ చానెల్ కోట్లు పోసి కొన్నది, ఊళ్ళో ఇంకెవరూ చూపించకూడదన్న షరతు మీదే. అందుకని మీ పిన్‌కోడ్ చూసి ఆపేస్తారు. మీదింకా నయం. అయోవా రాష్ట్రంలో ఒక్క పెద్ద లీగ్ జట్టు కూడా లేదు. అయినా అక్కడివాళ్ళకి కబ్స్, వైట్‌సాక్స్, బ్రూయర్స్, ట్విన్స్, కార్డినల్స్, రాయల్స్, ఆరు జట్ల ఆటలూ బ్లాకౌట్ కింద పెట్టారు.

ఇర్వింగ్_లక్ష్మి
ఆరు జట్లా! పాపం అయోవా వాళ్ళు ఇంకేం చూస్తారండీ, మొక్కజొన్న చేలా?

ప్లేనో_పెద్దాయన
"ఒకే చానెల్ ఉండేదంటున్నారు" అని అడిగారు కాబట్టి మొదట్నుంచీ చెప్తాను. నేను ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంటున్నాను, ఈ చానెల్ ఎన్ని పేర్లు మార్చుకుందో కళ్ళారా చూశాను.

1983లో హోమ్ స్పోర్ట్స్ ఎంటర్‌టైన్‌మెంట్ అని మొదలైంది. తర్వాత ప్రైమ్ అయింది, ఆ తర్వాత ఫాక్స్ చేతికొచ్చి ఫాక్స్ స్పోర్ట్స్ సౌత్‌వెస్ట్ అయింది. మావెరిక్స్, స్టార్స్, రేంజర్స్, కింద శాన్ ఆంటోనియో స్పర్స్ కూడా అందులోనే. ఆట ముందు అరగంట, ఆట తర్వాత అరగంట మనవాళ్ళ గురించే మాట్లాడేవాళ్ళు.

2019లో ఫాక్స్ వాళ్ళ వ్యాపారంలో పెద్ద భాగాన్ని డిస్నీ కొన్నది. అప్పటికే దేశమంతా వచ్చే స్పోర్ట్స్ చానెల్ ఈఎస్‌పీఎన్ డిస్నీదే కాబట్టి ఈ ప్రాంతీయ చానెళ్ళు కూడా మీకే ఉంటే కుదరదు, అమ్మేయండని ప్రభుత్వం షరతు పెట్టింది. యాంకీస్ చానెల్ యెస్ వేరేగా అమ్ముడుపోయింది. మిగతా 21 చానెళ్ళని సింక్లెయిర్ అనే సంస్థ వెయ్యి కోట్ల డాలర్లకి కాస్త అటూ ఇటూగా కొనేసింది. అందులో ఎక్కువ భాగం అప్పే. ఆ అప్పు నెత్తిన పెట్టి డైమండ్ స్పోర్ట్స్ అని కంపెనీ తెరిచారు. 2021లో చానెల్ పేరు బ్యాలీ స్పోర్ట్స్ అని మార్చారు.

వాళ్ళు కొన్న సమయం చూడండి. 2019 జులైలోనే శాటిలైట్ టీవీ కంపెనీ డిష్ వాళ్ళు ఈ చానెళ్ళు తీసేశారు. 2020 అక్టోబరులో ఇంటర్నెట్‌లో చానెళ్ళు ఇచ్చే యూట్యూబ్ టీవీ, హులు కూడా తీసేశాయి. జనం కేబుల్ వదిలేసి ఏ వైపు వెళ్తున్నారో అక్కడ ఈ చానెల్ లేదు. 2023 మార్చి 14న హ్యూస్టన్ కోర్టులో దివాలా పిటిషన్ వేశారు. అప్పటికి అప్పు 800 కోట్ల డాలర్ల పైమాటే. ఆ తర్వాత జట్లు ఒక్కొక్కటే బయటికి నడిచాయి.

కేబుల్‌కట్
పెద్దాయన గారు అంతా చెప్పారు, ఒక్క ముక్క కలుపుతా. ఆ చానెల్ బతికింది ఆట చూసేవాళ్ళ డబ్బుతో మాత్రమే కాదు. కేబుల్ ఉన్న ప్రతి ఇల్లూ, ఆట ఒక్క రోజు చూడకపోయినా, నెల బిల్లులో దానికి కొన్ని డాలర్లు కట్టేది. మా అత్తగారు మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తెలుగు సీరియళ్ళు తప్ప ఏదీ చూడలేదు, అయినా మా బిల్లులోంచి రేంజర్స్ పిచర్‌కి (బంతి విసిరేవాడికి) జీతం వెళ్ళింది. చూడనివాళ్ళు కేబుల్ తీసేయడం మొదలుపెట్టగానే లెక్క తప్పింది.

ఇర్వింగ్_లక్ష్మి
అలా అనకండి కేబుల్‌కట్ గారూ. మీ అత్తగారి సీరియళ్ళకి కూడా ఆట చూసే ఇళ్ళు డబ్బు కట్టాయి కదా. అందరూ తలా కాస్త వేసుకుంటే అందరికీ అన్నీ వచ్చేవి. ఇప్పుడు ఎవరికి కావలసింది వాళ్ళు విడిగా కొనుక్కోమంటే మొత్తం కలిపి పాత బిల్లు కంటే ఎక్కువవుతోంది మా ఇంట్లో.

కేబుల్‌కట్
తెలుగు చానెళ్ళ ప్యాకేజీకి విడిగా కట్టేవాళ్ళమండీ. రెండు వైపులా మాకే బాదుడు 😀

ఫ్రిస్కో_కొత్తకాపు
పెద్దాయన గారూ, చాలా థాంక్స్. మరి ఇప్పుడు ఆ చానెల్ పూర్తిగా పోయినట్టేనా?

శాన్ఆంటోనియో_సుబ్బు
అప్పుడే పోలేదు, మా దగ్గర 2025లో కూడా నడిచింది. 2024 అక్టోబరులో ఫ్యాన్‌డ్యూయల్ స్పోర్ట్స్ నెట్‌వర్క్ అని మళ్ళీ పేరు మార్చారు. 2025 జనవరిలో దివాలా నుంచి బయటపడి కంపెనీ పేరు మెయిన్ స్ట్రీట్ స్పోర్ట్స్ అని కూడా పెట్టుకున్నారు. డాలస్ జట్లు మూడూ పోయాక సౌత్‌వెస్ట్ చానెల్‌లో మిగిలిన పెద్ద జట్టంటే మా స్పర్సే. మా స్టార్ వెంబన్యామా భుజంలో రక్తం గడ్డకట్టి 2025 ఫిబ్రవరి నుంచి ఆ సీజన్ ఇక ఆడలేదు, అది వేరే బాధ.

ఇర్వింగ్_లక్ష్మి
ఆ పేరు గురించి ఒక మాట. బ్యాలీ అంటే క్యాసినోల పేరు. ఫ్యాన్‌డ్యూయల్ అంటే బెట్టింగ్ యాప్. టెక్సాస్‌లో ఆటల మీద పందేలు కాయడానికి చట్టమే ఒప్పుకోదు, అయినా చానెల్ పేరే పందేల కంపెనీది! మా అబ్బాయి "అమ్మా, ఫ్యాన్‌డ్యూయల్ పెట్టు" అంటే నాకు కడుపులో కలుక్కుమనేది. పిల్లలు చూసే చానెల్‌కి ఆ పేరు పెట్టకుండా ఉండాల్సింది. ఇక్కడి జట్లు వెళ్ళిపోయినందుకు నాకు ఆ ఒక్క విషయంలో సంతోషమే.

గుంటూరుఘాటు
లక్ష్మి గారితో వంద శాతం ఏకీభవిస్తా. మన దగ్గర క్రికెట్‌కి అదే జబ్బు పట్టింది, ఇక్కడ చానెల్ బోర్డు మీదికే ఎక్కింది.

ఓరుగల్లు_చంటి
ఎవల యే ఆట ఏడొస్తదో నేను రాస్తా, కొత్తకాపన్నకి పనికొస్తది. మావ్స్: 2024 సీజన్ నుంచి డబ్ల్యూఎఫ్‌ఏఏ వాళ్ళతోని ఒప్పందం, చానెల్ 29, 8. ఫ్రీ. స్టార్స్: విక్టరీ ప్లస్ అని యాప్, అది గూడ ఫ్రీ, మధ్యల యాడ్స్ వస్తయ్ అంతే. రేంజర్స్: 2025ల సొంతంగ రేంజర్స్ స్పోర్ట్స్ నెట్‌వర్క్ పెట్టుకున్నరు, కేబుల్ ఉంటే అండ్ల జూడొచ్చు. కేబుల్ లేకుంటే గదే విక్టరీ ప్లస్‌ల పైసలు కట్టి జూడాలె. మీ పిలగాడికి కావల్సింది గదే.

ఫ్రిస్కో_కొత్తకాపు
చంటీ, ఇదే కావాల్సింది. యాంటెన్నా కొన్నాను కానీ 29 బాగానే వస్తోంది, 8 మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తోంది.

కేబుల్‌కట్
8 ఇంకా పాత వీహెచ్ఎఫ్ బ్యాండ్‌లోనే ప్రసారం అవుతుంది. కిటికీకి అతికించే పల్చటి యాంటెన్నాలు చాలావరకు యూహెచ్ఎఫ్‌కి చేసినవి, అందుకే 29 దొరికి 8 జారిపోతుంది. రెండు పొడవాటి చువ్వలుండే రకం తీసుకోండి, లేదంటే అటక మీద పెట్టే పెద్దది. టవర్లన్నీ డాలస్‌కి నైరుతిన సీడర్ హిల్‌లో ఉన్నాయి. ఫ్రిస్కో నుంచి దాదాపు 40 మైళ్ళు. కాబట్టి యాంటెన్నా దక్షిణం గోడ వైపు పెట్టి, ముఖం సీడర్ హిల్ వైపు తిప్పి, మళ్ళీ చానెల్ స్కాన్ చేయండి. పెట్టిన చోటు మార్చినప్పుడల్లా స్కాన్ చేయాలి, చాలామంది అది మర్చిపోతారు.

కడపకుర్రోడు
అదేందప్పా, అమెరికాకి వచ్చి కూడా యాంటెన్నా తిప్పడమేనా! చిన్నప్పుడు దూరదర్శన్‌కి మిద్దె ఎక్కి "వచ్చిందా? వచ్చిందా?" అని అరిచేది నేనే మా ఇంట్లో.

హ్యూస్టన్_మూర్తి
డాలస్ వాళ్ళు మేమే బాధపడ్డామనుకుంటున్నారు. మా సంగతి వినండి. 2012లో మా బాస్కెట్‌బాల్ జట్టు రాకెట్స్, బేస్‌బాల్ జట్టు ఆస్ట్రోస్ కలిసి కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్‌తో చానెల్ పెట్టారు. ధర దగ్గర బేరం కుదరక శాటిలైట్ టీవీ వాళ్ళు డైరెక్ట్‌టీవీ, డిష్, ఎవరూ తీసుకోలేదు. ఊళ్ళో సగానికి పైగా ఇళ్ళలో సొంత జట్టు కనపడలేదు. అది కూడా దివాలా తీసింది. తర్వాత రూట్ స్పోర్ట్స్ అయింది, ఏటీ&టీ స్పోర్ట్స్‌నెట్ అయింది, 2023లో రెండు జట్లూ కలిసి చేతిలోకి తీసుకుని స్పేస్ సిటీ హోమ్ నెట్‌వర్క్ అన్నాయి.

లాస్‌ఏంజిలస్_అమ్మాయి
మూర్తి గారూ, మాది ఇంకా ఘోరం. 2013లో మా బేస్‌బాల్ జట్టు డాడ్జర్స్ 25 ఏళ్ళకి 835 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని స్పోర్ట్స్‌నెట్ ఎల్‌ఏ అని పెట్టారు. 2014లో మొదలైంది. డైరెక్ట్‌టీవీ లాంటి పెద్ద సంస్థలు 2020 ఏప్రిల్ దాకా తీసుకోలేదు. ఆరేళ్ళు! విన్ స్కల్లీ 1950 నుంచి డాడ్జర్స్ ఆటలు చెప్పిన మనిషి, ఆయన చివరి మూడు సీజన్లూ ఆ ఊళ్ళోని చాలా ఇళ్ళలో టీవీలో వినపడలేదు. ఆ డబ్బు జట్టుకి మంచి ఆటగాళ్ళని తెచ్చింది, కాదనను. కానీ ఆ గొంతుకి దూరమైన మూడేళ్ళు తిరిగి రావు కదా.

ప్లేనో_పెద్దాయన
ఆ మాట నిజం అమ్మా. మన దగ్గర ఎరిక్ నాడెల్ అలాంటివాడు. 1979లో రేంజర్స్ కామెంటరీకి వచ్చాడు, రేడియోలో ఆయన గొంతే గుర్తు. టీవీ గొడవలన్నీ వచ్చినా, చానెల్ ఎన్ని పేర్లు మార్చినా రేడియో ప్రసారం మాత్రం ఆగలేదు. కొత్తకాపు గారూ, 105.3 ఎఫ్‌ఎం పెట్టి పిల్లాడికి వినిపించండి. బంతి ఎక్కడ పడిందో ఆయన చెప్తుంటే టీవీ అక్కర్లేదు.

కడపకుర్రోడు
నాకు బేస్‌బాల్ నేర్పింది లోకల్ చానెల్ కామెంటేటర్లే. మా నాయన కాన్సాస్ సిటీకి మా దగ్గరికి వచ్చినప్పుడు సాయంత్రం పూట ఏం తోచేది కాదు. రోజూ రాయల్స్ ఆట పెట్టేవాణ్ణి. బేస్‌బాల్‌లో 162 ఆటలు కదా, దాదాపు రోజూ ఉంటుంది. మొదట్లో "ఇదేం ఆటరా, పరిగెత్తేదే లేదు" అన్నాడు. లోకల్ వాళ్ళు ఎనిమిదో నంబరు బ్యాటర్ ఏ ఊరి నుంచి వచ్చాడు, పోయిన వారం ఎట్లా ఆడాడు, ఈ పిచర్ని ఎందుకు మారుస్తున్నారు, అన్నీ ఓపిగ్గా చెప్తారు. అర్థం కాని చోట నేను తెలుగులో చెప్పేవాణ్ణి. వెనక్కి పోయే నాటికి బంట్ (బ్యాట్‌తో బంతిని మెల్లగా తట్టి వదలడం) ఎప్పుడు వెయ్యాలో నాతో వాదించేవాడు. దేశం మొత్తానికి చూపించే చానెల్‌లో అయితే పెద్ద స్టార్ల గురించే మాట్లాడతారు, అందులో మా నాయన ఏం నేర్చుకునేవాడు?

ఇర్వింగ్_లక్ష్మి
కడపకుర్రోడు బాబూ, ఎంత బాగా చెప్పావు. మావ్స్ ఆటలకి మార్క్ ఫాలోవిల్ గొంతు వింటే మా ఇంట్లో సాయంత్రం అయినట్టు. 29కి మారినా ఆయన్ని మార్చలేదు, అది మంచి పని చేశారు.

గుంటూరుఘాటు
అందరూ ఫ్రీ ఫ్రీ అని సంబరపడుతున్నారు గానీ డబ్బు సంగతి ఎవరూ మాట్లాడరేం? రేంజర్స్ 2023లో బేస్‌బాల్ ఫైనల్ వరల్డ్ సిరీస్ గెలిచారు. ఆ శీతాకాలంలోనే టీవీ డబ్బు తేలలేదు, ఖర్చు చూసుకోవాలి అని జట్టు మేనేజ్‌మెంటే చెప్పింది. గెలిపించిన పిచర్లలో ఒకడైన మాంట్‌గోమరీ తిరిగి రాలేదు, ఆరిజోనాకి వెళ్ళాడు. కేబుల్ డబ్బు పోతే జట్టు బలం పోతుంది. ఫ్రీగా చూపించి ఓడిపోయే జట్టు ఎవరికి కావాలి?

ఓరుగల్లు_చంటి
ఘాటన్నా, మావ్స్ వాళ్ళ స్టార్ లూకా డాన్సిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చేసింది టీవీ పైసల కోసమా? అండ్ల ఫ్రీ టీవీ తప్పేమున్నది?

గుంటూరుఘాటు
లూకా పేరు ఎత్తకు తమ్ముడూ. ఇంకా ఆ గాయం మానలేదు.

ప్లేనో_పెద్దాయన
2025 ఏప్రిల్ 9న లేకర్స్‌తో వచ్చి 45 పాయింట్లు కొట్టి వెళ్ళాడు. అది ఈఎస్‌పీఎన్‌లో వచ్చింది. ఆట ముందు వీడియో వేస్తే కుర్రాడు ఏడ్చాడు, మా ఇంట్లో ఇద్దరం ఏడ్చాం.

కేబుల్‌కట్
ఘాటు గారి వాదనకి జవాబు ఫీనిక్స్. 2023లో అక్కడి బాస్కెట్‌బాల్ జట్టు సన్స్ ఓనర్ మ్యాట్ ఇష్బియా డైమండ్‌ని వదిలేసి ఆటలన్నీ యాంటెన్నాతో ఫ్రీగా వచ్చే (ఓవర్ ది ఎయిర్) చానెళ్ళకి ఇచ్చాడు. డైమండ్ వాళ్ళు కోర్టుకెళ్ళి అడ్డుకున్నారు, చివరికి సన్సే నెగ్గారు. యాంటెన్నా లేదన్నవాళ్ళకి ఉచితంగా యాంటెన్నాలు పంచారు. యూటా జాజ్ కూడా అదే ఏడు అదే దారిలో వెళ్ళింది. ఇప్పుడు కొంత డబ్బు తగ్గినా, ఆట కనపడే ఇళ్ళు పెరిగితే రేపు టికెట్ కొనేవాడు, జెర్సీ కొనేవాడు అక్కడి నుంచే వస్తాడు. తెర వెనక దాచిపెట్టిన జట్టుని పిల్లలు ఎలా ప్రేమిస్తారు?

గుంటూరుఘాటు
బాస్కెట్‌బాల్‌కి అది సరిపోతుంది. సీజన్‌కి 82 ఆటలు, దేశం మొత్తానికి చూపించే ఒప్పందం నుంచే ఒక్కో జట్టుకి బోలెడు డబ్బొస్తుంది. బేస్‌బాల్‌కి లోకల్ టీవీయే ప్రాణం. మీరు రెంటినీ ఒకే గాటన కడుతున్నారు.

కేబుల్‌కట్
ఆ తేడా ఒప్పుకుంటా. రేంజర్స్ పూర్తిగా ఫ్రీ ఇవ్వలేకపోవడానికి కారణం కూడా అదే అయ్యుంటుంది.

శాన్ఆంటోనియో_సుబ్బు
మరి డాలస్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ఆటలు ఎప్పుడూ ఫ్రీగానే వస్తాయి కదా, వాళ్ళకి ఈ గోల లేదేం?

ప్లేనో_పెద్దాయన
మంచి ప్రశ్న సుబ్బూ. ఫుట్‌బాల్ లీగ్ జట్లు ఆటల్ని విడివిడిగా అమ్ముకోవు. 1961లో అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) చట్టం చేసి, లీగ్ అంతా కలిసి ఒక్క ఒప్పందంగా అమ్ముకోవచ్చంది. వచ్చిన డబ్బు అన్ని జట్లూ సమానంగా పంచుకుంటాయి. ఆట కేబుల్‌లోనో స్ట్రీమింగ్‌లోనో పడినా, ఆ జట్ల సొంత ఊళ్ళలో మామూలు చానెల్‌లో కూడా చూపించాల్సిందే. అందుకే కౌబాయ్స్ ఆట డాలస్‌లో కనపడని రోజు లేదు. సీజన్‌కి 17 ఆటలే కాబట్టి అది కుదిరింది.

ఓరుగల్లు_చంటి
మన ఐపీఎల్ గూడ అట్లనే గద. 2023 నుంచి 2027 దాంక హక్కులన్నీ బోర్డే అమ్మింది, 48,390 కోట్ల రూపాయలు. సన్‌రైజర్స్‌కి హైదరాబాద్ల సపరేట్ చానెల్ లేదు. తెలుగు కామెంటరీ మాత్రం వస్తది, స్టార్ స్పోర్ట్స్ తెలుగు 2018ల వచ్చింది. కబడ్డీల మన టైటాన్స్‌ని గూడ తెలుగుల వినొచ్చు.

లాస్‌ఏంజిలస్_అమ్మాయి
అందులో నాకు కొరతగా అనిపించేది, ఆట ముందు అరగంట సన్‌రైజర్స్ గురించే మాట్లాడే కార్యక్రమం ఉండదు. ఉప్పల్‌లో పిచ్ ఎలా ఉంది, రంజీ నుంచి వచ్చిన హైదరాబాద్ కుర్రాడు ఎవరు, ఇవన్నీ ఇక్కడి లోకల్ చానెల్ లాగా ఎవరైనా రోజూ చెప్తే ఎంత బావుంటుంది.

కడపకుర్రోడు
ఇండియా ఆడే పెద్ద మ్యాచ్‌లు దూరదర్శన్‌కి కూడా ఇవ్వాలని 2007లో చట్టం చేశారు. ఐపీఎల్‌కి అది వర్తించదు. ఊరి జట్లకి కూడా అట్లాంటి చట్టం ఉంటే బాగుణ్ణు, ఇక్కడా అక్కడా.

ఇర్వింగ్_లక్ష్మి
గ్రాండ్ ప్రైరీలో మన క్రికెట్ జట్టు టెక్సాస్ సూపర్ కింగ్స్ ఆటలకి బ్లాకౌట్ లేదు, క్రికెట్ చానెల్ విల్లో పెడితే చాలు. అమెరికాలో ఊరి జట్టు ఊళ్ళో కనపడే ఆట క్రికెట్టే అనమాట 😀

ఫ్రిస్కో_కొత్తకాపు
పెద్దాయన గారు చెప్పినట్టు బేస్‌బాల్ కూడా లీగ్ అంతా కలిపి అమ్మేస్తే ఈ తిప్పలన్నీ తీరతాయి కదా?

ప్లేనో_పెద్దాయన
బేస్‌బాల్ లీగ్ కమిషనర్ మ్యాన్‌ఫ్రెడ్‌కి కావలసింది అదే. డైమండ్ 2023లో డబ్బు ఎగ్గొట్టగానే శాన్ డియాగో జట్టు పాడ్రెస్ ఆటల ప్రసారాన్ని లీగే చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత ఆరిజోనాది కూడా. లీగ్ జాతీయ ఒప్పందాలు 2028తో ముగుస్తాయి. అప్పటికి అన్ని జట్ల లోకల్ హక్కులూ ఒక చోట చేర్చి, బ్లాకౌట్ లేకుండా అమ్మాలని ఆయన ఆలోచన.

లాస్‌ఏంజిలస్_అమ్మాయి
డాడ్జర్స్ ఒప్పందం 2038 దాకా ఉంది పెద్దాయన గారూ. యాంకీస్‌కి సొంత చానెల్‌లో వాటా ఉంది. వాళ్ళు తమ డబ్బు తెచ్చి అందరి మధ్యా ఎందుకు పోస్తారు?

గుంటూరుఘాటు
పొయ్యరు. వాళ్ళని ఒప్పించాలంటే పెద్ద వాటా ఇస్తామనాలి. అలా ఇస్తే కాన్సాస్ సిటీ లాంటి చిన్న ఊళ్ళ జట్లు ఒప్పుకోవు.

కడపకుర్రోడు
మా రాయల్స్ ఎందుకు ఒప్పుకోవాలప్పా? డాడ్జర్స్ ఒక్కళ్ళే ఆడితే ఆటవుతుందా, ఎదురుగా మావాళ్ళు కూడా ఉండాలి కదా.

కేబుల్‌కట్
కొత్తకాపు గారూ, 2028 దాకా ఆగకండి, సీజన్ మొదలైపోయింది. విక్టరీ ప్లస్‌లో రేంజర్స్‌కి కట్టేముందు మీ ఇంటర్నెట్ వాడి ప్యాకేజీలో రేంజర్స్ చానెల్ ఇప్పటికే ఉందేమో చూడండి. ఉంటే రెండోసారి కట్టక్కర్లేదు.